అమ్మకానికి లేనిదానికి వెల

ఒక ఇంటి ఆస్తిని వారసులకు పంచవలసి వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు జరగవలసినది వెల కట్టడం. పొలం విషయంలో ఆ ఊళ్లో ఎకరం ఏ ధర పలుకుతున్నదో నలుగురినీ అడిగితే తెలుస్తుంది. బంగారానికి ఆనాటి తులం ధర ఉంటుంది. ఇల్లు, పశువులు, దుకాణంలోని సరుకు, వేటికైనా కొనేవారున్నారు కనుక వెల తేలుతుంది, వాటాలూ తేలుతాయి. పెరట్లోని వేపచెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తడబడుతుంది. కలపకు ధర చెప్పవచ్చు. మూడు తరాల స్త్రీలు ఆ నీడలో కూర్చుని బియ్యం ఏరుకున్నారన్న సంగతికి, ఆ నీడలోనే పిల్లలు సబఖ్ వల్లించారన్న సంగతికి ఏ అంగడిలోనూ ధర లేదు. పంపకాల కాగితంలో ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది. ఖాళీ గడిని లెక్క కూడేవారు సున్నాగానే కూడుతారు.

దేశాల లెక్కలలోనూ ఇదే చిక్కు. ఆనకట్ట కట్టాలా వద్దా, గని తవ్వాలా వద్దా అని ఆలోచించేటప్పుడు రాబోయే విద్యుత్తుకు, బయటపడే ఖనిజానికి రూపాయలలో అంకె సిద్ధంగా ఉంటుంది. మునిగిపోయే లోయకు, ఎండిపోయే ఊటకు, వలస మానుకునే పక్షికి అంకె ఉండదు. ఆ అంకెను రాబట్టడానికి ఆర్థికవేత్తలు కనిపెట్టిన మార్గాలలో ఒకటి వినడానికి మరీ సాదాగా ఉంటుంది: ఇంటింటికీ వెళ్లి అడగడం. “దీనిని కాపాడడానికి మీ కుటుంబం ఎంత ఇవ్వగలదు?” ఈ పద్ధతికి వారు ‘కాంటింజెంట్ వాల్యుయేషన్’ అని పేరు పెట్టారు. లేని అంగడిని మాటలతో ఎదుట నిలిపి, అది నిజంగా ఉంటే మీరేం చేస్తారని ప్రశ్నించడమే అందులోని కిటుకు. ఆ ప్రశ్న ఏదో ఒకనాడు మన గుమ్మానికి కూడా రావచ్చు కనుక, దాని పుట్టుపూర్వోత్తరాలను, అది చేసిన మేలును, దానిలో దాగిన మెలికను పాఠకుల ముందుంచడం అవసరమని భావించాము.

ఈ ఆలోచన 1947 నాటిది. ఆ ఏడాది అమెరికాలోని జాతీయ ఉద్యానవనాల శాఖకు హెరాల్డ్ హోటెలింగ్ అనే గణాంకవేత్త ఒక ఉత్తరం రాశారు. ఉద్యానవనం చుట్టూ వలయాలు గీయండి, ఏ దూరం నుంచి ఎంతమంది ఎంత దారిఖర్చు పెట్టుకుని వస్తున్నారో చూడండి, ఆ ఖర్చులోనే ఆ స్థలం విలువ కనిపిస్తుంది అన్నది ఆయన సూచన. అదే ఏడాది సిరియాసీ వాంట్రప్ అనే మరో ఆర్థికవేత్త దారిఖర్చులను లెక్కించడానికి మారుగా మనుషులనే సూటిగా అడగవచ్చునని రాశారు. 1963లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు రాబర్ట్ డేవిస్ మేన్ రాష్ట్రపు అడవులకు వేటకు, విహారానికి వచ్చేవారిని అలా అడిగి చూశారు. అడవికి వచ్చినవారి సంగతి ఇలా తేలింది. ఎన్నడూ రానివారి మాటేమిటి?

ఆ ప్రశ్నను 1967లో జాన్ క్రుటిల్లా లేవనెత్తారు. ఒక అరుదైన చోటును ఎన్నడూ చూడనివారు, చూసే అవకాశం కూడా లేనివారు, అది ఉన్నదన్న ఎరుకతోనే ఏదో పొందుతూ ఉంటారని, అది నశిస్తే వారికీ నష్టమేనని ఆయన వాదం. ఇది మనకు కొత్త మాటేమీ కాదు. శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలో హైదరాబాదు ముఖం చూడని ముసలమ్మ ఉండవచ్చు. రేపు చార్మినార్ కూలిందని వింటే ఆమె కళ్లు చెమరుస్తాయి. ఆమె ఎన్నడూ టికెట్టు కొనలేదు, బస్సెక్కలేదు. హోటెలింగ్ వలయాలలో ఆమె ఎక్కడా లేదు. ఆమె బాధ మాత్రం ఉన్నది.

అలాంటి బాధకు న్యాయస్థానంలో విలువ ఉంటుందా అన్న ప్రశ్నను లోకం ముందుకు తెచ్చినది ఒక ఓడ ప్రమాదం. 1989 మార్చి 24, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి ‘ఎక్సాన్ వాల్డెజ్’ అనే చమురు ఓడ అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్ అనే అఖాతంలో బ్లై రీఫ్ రాళ్లపైకి ఎక్కింది. దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు, అంటే మన లెక్కలో 4 కోట్ల లీటర్లకు పైగా, నీటిలో కలిసింది. నల్లని తెట్టు రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు తీరాన్ని అంటుకుంది. రెండున్నర లక్షల సముద్రపక్షులు, 2,800 నీటికుక్కలు చనిపోయి ఉంటాయని అంచనా. జాలరులు పోగొట్టుకున్న చేపలకు ధర ఉంది, పడవలవారు పోగొట్టుకున్న బేరానికి రశీదులున్నాయి. నీటికుక్కను ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. దాని ఖాతాలో ఎవరు ఎంత కట్టాలి?

ఆ ఏడాది జులైలోనే అమెరికాలోని ఒక అప్పీలు న్యాయస్థానం వేరొక వ్యాజ్యంలో కీలకమైన తీర్పు చెప్పింది. ప్రకృతికి జరిగిన హానిని లెక్కించేటప్పుడు కేవలం అంగడి ధరకు పరిమితం కానక్కరలేదని, ఆ చోటును వాడుకోనివారికి కలిగిన నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చునని దాని సారాంశం. దానితో అలాస్కా రాష్ట్ర ప్రభుత్వం రిచర్డ్ కార్సన్ మొదలైన ఆర్థికవేత్తలకు ఆ పని అప్పగించింది. ఆ బృందం 1991 ఆరంభంలో దేశవ్యాప్తంగా 1,043 ఇళ్లలో ముఖాముఖి ప్రశ్నించింది.

వారు ప్రశ్నను తయారుచేసిన తీరు గమనించదగినది. “నీటికుక్కకు ఎంత ఇస్తారు?” అని ఎవరినీ అడగలేదు. ముందు పటాలు, ఛాయాచిత్రాలు చూపి జరిగినదంతా వివరించారు. వచ్చే పదేళ్లలో అటువంటి మరో ప్రమాదం జరగకుండా ప్రతి చమురు ఓడ వెంటా రక్షక ఓడలను నడిపే పథకం ఒకటి ఉందని చెప్పారు. దానికయ్యే ఖర్చులో కొంత చమురు సంస్థలు భరిస్తాయి, కొంత ప్రతి కుటుంబమూ ఒక్కసారి పన్నుగా కడుతుంది. “మీ ఇంటికి పడే భారం ఇంత. మీ ఓటు అనుకూలమా, వ్యతిరేకమా?” ఆ ‘ఇంత’ అన్నచోట కొందరికి 10 డాలర్లు, కొందరికి 30, కొందరికి 60, కొందరికి 120 డాలర్లు అని చెప్పారు. జవాబును బట్టి అంకెను పెంచో తగ్గించో మరొకసారి అడిగారు. ఇవ్వదలచినది ఎంతో ఊహించి చెప్పడం ఎవరికైనా కష్టమే. ఒక ధర చెప్పి అవునా కాదా అంటే, రోజూ బేరం చేసే మనిషికి అది తేలిక. అన్ని జవాబులనూ కలిపి చూస్తే మధ్యస్థంగా ఒక కుటుంబం ఇవ్వడానికి సిద్ధపడ్డ మొత్తం 31 డాలర్ల దగ్గర తేలింది. తొమ్మిది కోట్ల పైచిలుకు కుటుంబాలతో హెచ్చిస్తే 280 కోట్ల డాలర్లు.

ఆ నివేదిక 1992లో వెలువడింది. అంతకు ముందే, 1991లో, ఆ సంస్థ 90 కోట్ల డాలర్ల పౌర పరిహారానికి ప్రభుత్వాలతో రాజీపడింది. అందువలన 280 కోట్ల అంకె ఏ న్యాయమూర్తి ఎదుటా పరీక్షకు నిలబడలేదు. వాగ్వాదం మాత్రం ఆగలేదు. ప్రజలు నోటితో చెప్పిన మాటను రొక్కంగా లెక్కించడం ఏమి శాస్త్రమని ఆ సంస్థ తరఫు ఆర్థికవేత్తలు ధ్వజమెత్తారు. చివరికి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ 1992లో ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. దానికి కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో అధ్యక్షులు. ఇద్దరూ నోబెల్ బహుమతి పొందినవారే. 1993 జనవరిలో వచ్చిన వారి నివేదిక ఈ పద్ధతిని పూర్తిగా నెత్తికెత్తుకోలేదు, తోసివేయనూ లేదు. జాగ్రత్తగా చేస్తే న్యాయవిచారణకు తొలి ఆధారంగా పనికివచ్చేంత నమ్మకం ఈ అంకెలకు ఉంటుందని చెబుతూ, ఆ జాగ్రత్తలేమిటో ఏకరువు పెట్టింది. ఇంటికి వెళ్లి ముఖాముఖిగా అడగాలి. ఓటు రూపంలో అడగాలి. “చెప్పలేను” అనే జవాబుకూ చోటుండాలి. ఎందుకు అవునన్నారో, ఎందుకు కాదన్నారో ఆ వెంటనే అడగాలి.

ఆ జాగ్రత్తలలో ఒకటి మమ్మల్ని ప్రత్యేకంగా ఆకట్టుకుంది. ఈ డబ్బు ఇస్తే మీ ఇంట్లో మరో ఖర్చుకు అంత తగ్గుతుందని జవాబిచ్చేవారికి గుర్తు చేయాలట. నెలాఖరున పాలవాడికి, అద్దెకు, పిల్లల ఫీజుకు డబ్బును విడదీసి పెట్టుకునే ఏ ఇల్లాలికీ ఇది ఒకరు గుర్తు చేయవలసిన విషయం కాదు. నోబెల్ గ్రహీతలు చెప్పవలసి వచ్చిందంటే, గుమ్మంలో నిలబడి జవాబిచ్చేది చాలాచోట్ల ఇంటి ఖర్చు చూసేవారు కారేమోనని మాకు చిన్న అనుమానం. దాతృత్వం వరండాలో ఒక రకంగానూ, వంటింట్లో మరో రకంగానూ ఉంటుంది.

అభ్యంతరాలు తేలికైనవి కావు. ఎక్సాన్ పక్షాన జరిగిన పరిశోధనలలో ఒకటి పక్షుల గురించినది. చమురు వ్యర్థాల గుంటలలో పడి వలసపక్షులు చనిపోతున్నాయి, గుంటలపై వలలు కప్పితే బతుకుతాయి, అందుకు మీరెంత ఇస్తారని అడిగారు. కొందరికి చనిపోయే పక్షులు 2,000 అని, కొందరికి 20,000 అని, మరికొందరికి 2,00,000 అని చెప్పారు. సగటున వచ్చిన జవాబులు వరసగా 80, 78, 88 డాలర్లు. పక్షుల సంఖ్య నూరు రెట్లు పెరిగినా జేబులోంచి తీసే సొమ్ము కదలలేదు. జనం పక్షులను లెక్కపెట్టడం లేదు, ఒక మంచి పని చేశామన్న తృప్తిని కొనుక్కుంటున్నారని దీనికి అర్థం చెప్పారు. తరువాతి కాలంలో నోబెల్ పొందిన డేనియల్ కానెమన్, జాక్ నెచ్ అనే సహచరుడితో కలిసి 1992లో చేసిన వాదన కూడా ఇదే. ఎదుటిపక్షం ఊరుకోలేదు. జవాబిచ్చినవారికి చెప్పింది పక్షుల సంఖ్య ఒక్కటే కాదు, ఆ సంఖ్య మొత్తం పక్షులలో ఎంత శాతమో కూడా చెప్పారు. ఒక శాతంలోపు అన్నా, రెండు శాతం అన్నా వినేవారి చెవికి పెద్ద తేడా ఏముంటుంది అని కార్సన్ ఎదురు ప్రశ్న వేశారు. మాకు ఇందులో ఇరుపక్షాలలోనూ కొంత నిజం కనిపిస్తున్నది. దానం ఇచ్చేటప్పుడు మనం కూడా అనాథల సంఖ్యను బట్టి ఇవ్వము, చేతిలో ఉన్నదాన్ని బట్టి ఇస్తాము.

పక్షుల ముచ్చట కంటే లోతైన చిక్కును బయటపెట్టినది విస్కాన్సిన్ రాష్ట్రంలో జరిగిన మరో పరీక్ష. అక్కడి హోరికాన్ ప్రాంతంలో అడవి బాతులను వేటాడడానికి ప్రభుత్వం ఉచితంగా అనుమతి చీటీలు ఇచ్చేది. 1978లో రిచర్డ్ బిషప్, థామస్ హెబర్లైన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ చీటీలు పొందిన వేటగాళ్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజమైన బ్యాంకు చెక్కులు పంపారు: చీటీ అయినా తిప్పి పంపండి, చెక్కు అయినా తిప్పి పంపండి. రెండో జట్టును ఊహగా అడిగారు: ఎంత ఇస్తే చీటీ వదులుకుంటారు? మూడో జట్టునూ ఊహగానే అడిగారు: ఈ చీటీని కొనవలసి వస్తే ఎంత పెడతారు? నిజమైన సొమ్ముతో తేలిన విలువ 63 డాలర్లు. వదులుకోవడానికి అడిగినది 101 డాలర్లు. కొనడానికి ఇస్తామన్నది 21 డాలర్లు. ఊరు అదే, బాతు అదే, చీటీ అదే. ప్రశ్నను ‘ఇస్తారా’ నుంచి ‘తీసుకుంటారా’కు తిప్పితే అంకె దాదాపు అయిదింతలయింది.

ఈ రెండు ప్రశ్నల తేడా లెక్కల తేడా మాత్రమే అనుకోవడం పొరపాటు. ‘దీనిని కాపాడుకోవడానికి మీరెంత ఇస్తారు’ అని అడిగినప్పుడు ఆ వస్తువు నాది కాదు, నేను దాన్ని కొనుక్కోవాలి. ‘దీనిని వదులుకోవడానికి మీకెంత కావాలి’ అని అడిగినప్పుడు అది నాది, కావలసినవాడు నా దగ్గరికి రావాలి. హక్కు ఎవరిదో ప్రశ్నలోనే తేలిపోయింది, జవాబు చెప్పేలోగానే. అంతేకాదు, ఇవ్వగలిగినదానికి నా జేబు హద్దు. అడగగలిగినదానికి అటువంటి హద్దు లేదు. నెలకు పది వేలతో గడిపే ఇంటిని ఏటి గురించి అడిగితే పది రూపాయలు అంటుంది, లక్ష వచ్చే ఇల్లు వంద అంటుంది. అందుచేత మొదటి ఇంటివారికి ఏటి మీద ప్రేమ తక్కువని ఎవరైనా అనగలరా? ఆ ఏటి నీళ్లు తాగేది బహుశా మొదటి ఇంటివారే.

అలాస్కా తీరం అమెరికా ప్రజలదే. చమురు సంస్థ వారి వస్తువును పాడుచేసింది. కాబట్టి న్యాయంగా అడగవలసినది రెండో ప్రశ్న. ఆ సంగతి అధ్యయనకారులకూ తెలుసు. రెండో ప్రశ్నకు జనం చెప్పే అంకెలు అదుపు తప్పి పెరుగుతాయని, మొదటి ప్రశ్నతో వచ్చినది కనీసపు విలువగా నిలబడుతుందని వారు దానినే ఎంచుకున్నారు. ఆరో, సోలోల సంఘం కూడా అలాగే చేయమన్నది. న్యాయస్థానంలో గట్టిగా నిలవాలంటే అది తెలివైన ఎంపికే కావచ్చు. ఆ తెలివికి మూల్యం చెల్లించేది మాత్రం నష్టపోయినవాడు.

మన దేశంలో ఈ పద్ధతి వాడినవాటిలో ముంబయి నగరపు బోరివలి జాతీయ ఉద్యానవనంపై జరిగి, 1997లో ప్రచురితమైన అధ్యయనం ఒకటి. దానికి ఇప్పటి పేరు సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం. కోటికి పైగా జనం కిక్కిరిసిన నగరం నడుమ నూరు చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి అది. దాని సంరక్షణకు ముంబయి కుటుంబాలు అయిదేళ్లపాటు నెలకు సగటున ఏడున్నర రూపాయలు ఇవ్వడానికి సిద్ధమని తేలింది. ఒక్కొక్క ఇంటికి ఒక టీ ఖర్చు లాంటిది. నగరమంతా కలిపి అయిదేళ్లకు లెక్కిస్తే నూరు కోట్ల రూపాయలు దాటింది. బీదదేశపు జనానికి అడవి మీద ధ్యాస ఎక్కడిదని పెదవి విరిచేవారికి అది చక్కని జవాబు. అయితే అదే అడవి లోపల వార్లీ గిరిజనుల ఇళ్లున్నాయి. అపార్ట్‌మెంటు బాల్కనీలోంచి పచ్చదనాన్ని చూసేవారిని ‘ఎంత ఇస్తారు’ అని అడగడం సబబే. అక్కడ పుట్టి పెరిగినవారి గడపలో అదే ప్రశ్న వేస్తే, తమ ఇంటికి తామే అద్దె కట్టమన్నట్టు ఉంటుంది.

రెండో ప్రశ్నను అడిగి చూసినవారూ ఉన్నారు. ఆఫ్రికా తూర్పు తీరానికి ఆవల మడగాస్కర్ ద్వీపంలో మంటాడియా అనే జాతీయ ఉద్యానవనం ఏర్పడినప్పుడు చుట్టుపక్కల పల్లెలవారికి అడవిలోకి వెళ్లే దారి మూసుకుపోయింది. కట్టెలు, తేనె, పోడు, అన్నీ అక్కడివే. ప్రియా శ్యామ్‌సుందర్, రాండాల్ క్రామర్ అనే పరిశోధకులు ఆ కుటుంబాల దగ్గరికి వెళ్లి, ఈ నష్టానికి ఏటా ఎంత ముడితే సరిపోతుందని అడిగారు. డబ్బులో అడగలేదు, బియ్యంలో అడిగారు. రొక్కం అరుదుగా చేతికి వచ్చే ఇంట్లో డాలరు ఊహకందదు, బియ్యం బుట్ట అందుతుంది. ఈ చిన్న మర్యాద ఆ సర్వేకు ప్రాణం. 1996లో వారు ప్రచురించిన లెక్క ప్రకారం ఒక్కొక్క కుటుంబానికి ఏటా సుమారు 50 డాలర్ల విలువైన బియ్యం కావాలి. ఆ అడవిని చూడడానికి వచ్చే విదేశీ యాత్రికులను వేరే సర్వేలో అడిగారు. వారిని అడిగినది సహజంగానే, ఎంత ఇస్తారని.

ఇక ఏ ప్రశ్నకూ లొంగనివారు కొందరుంటారు. “దీనికి డబ్బులో వెల చెప్పలేను” అంటారు. “ఇది మా తాతల నుంచి వచ్చింది, మా మనవలకు అప్పగించాలి, అమ్మడానికి నేనెవరిని?” అంటారు. మన ఇళ్లలో దీనికి ఒక్క మాట చాలు: అమానత్. మన దగ్గర దాచమని ఒకరు ఉంచిన సొమ్ముకు ‘ఎంతకు ఇస్తావు’ అని అడిగితే ఏ మనిషీ ధర చెప్పడు. ధర చెప్పాడంటేనే అనుమానించాలి. సర్వేల పరిభాషలో ఇటువంటి జవాబుకు ‘నిరసన’ అని పేరు. ఆ కాగితాలను విడిగా కట్టకట్టి, సగటు తీసేముందు పక్కన పెట్టేయడం చాలా అధ్యయనాలలో పరిపాటి. లెక్క నడవాలంటే వారికి అది తప్పనిసరి అని మాకూ తెలుసు. ‘వెల లేదు’ అన్న మాటను ఏ అంకెతో కూడగలరు? కానీ ఫలితం చూడండి. ఆ చోటును అన్నిటికంటే గాఢంగా ప్రేమించినవారి జవాబు లేకుండానే దాని విలువ తేలిపోతుంది.

ఇదంతా చెప్పి, వెల కట్టడమే పాపమని మేము అనబోవడం లేదు. పొరపాటున ప్రాణం తీసినవాడు మృతుని వారసులకు దియత్, అంటే రక్తపరిహారం, చెల్లించాలన్న నియమం ఈ పత్రిక పాఠకులకు తెలిసినదే. చనిపోయిన మనిషి అమ్మకపు సరుకని ఆ సొమ్ముకు అర్థం కాదు. జరిగిపోయిన నష్టాన్ని సున్నాగా చూడనివ్వకూడదన్నదే అందులోని భావం. అలాస్కాలో 280 కోట్లు అన్న అంకె చేసిన పని అదే. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురుబావి పేలినప్పుడు కూడా ఇదే పద్ధతిలో సర్వే జరిపి, ప్రకృతికి జరిగిన నష్టం 1,720 కోట్ల డాలర్లని 2017లో ప్రకటించారు. హాని జరిగాక అంకె బాధితుని చేతిలో ఊతకర్ర. చిక్కంతా హాని జరగకముందు, దానికి అనుమతి ఇవ్వడానికి అదే అంకెను వాడినప్పుడు వస్తుంది. అప్పుడది పరిహారం కాదు, అమ్మకపు ధర. అమ్ముతున్నది ఎవరన్నది అప్పుడు ముందుగా తేలవలసిన విషయం.

మన దేశంలో అటవీ భూమిని గనికో ప్రాజెక్టుకో మళ్లించేవారు అడవి కోల్పోయినందుకు ‘నికర ప్రస్తుత విలువ’ అనే సొమ్ము కట్టాలి. గోదావర్మన్ తిరుమల్పాడ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఇది మొదలైంది. రేట్లు ఎలా నిర్ణయించాలో సూచించడానికి ఆర్థికవేత్త కంచన్ చోప్రా నాయకత్వంలో నిపుణుల సంఘం పనిచేసింది. 2008 మార్చిలో కోర్టు రేట్లను ఖరారు చేసింది: అడవి రకాన్ని, దట్టాన్ని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు. అభయారణ్యమైతే అయిదు రెట్లు, జాతీయ ఉద్యానవనమైతే పది రెట్లు. 2022లో వీటిని పెంచి సుమారు 9.57 లక్షల నుంచి 15.95 లక్షల వరకు చేశారు. మనకు అలవాటైన గజాల లెక్కలోకి మారిస్తే, చదరపు గజం అడవి 80 రూపాయల నుంచి 133 రూపాయలు. ఇళ్ల స్థలం కోసం తిరిగిన ఏ పాఠకునికైనా ఈ అంకె ఏమి చెబుతుందో మేము వివరించనక్కరలేదు. తెలంగాణలో కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి మళ్లిన మూడు వేల హెక్టార్ల పైచిలుకు అటవీ భూమి కూడా ఈ నియమం కిందికే వచ్చింది.

కలప, వంటచెరకు, పశుగ్రాసం, ఇతర అటవీ ఫలసాయం, పర్యాటకం, కర్బన నిల్వ, ఇటువంటివాటి విలువలను కూర్చి ఈ రేట్లు కడతారు. అంతకు ముందున్న సున్నాతో పోలిస్తే ఇది మెరుగే. ఉచితంగా పోయే అడవి కంటే బిల్లు పడే అడవి వైపు అధికారి రెండోసారి చూస్తాడు. కానీ ఏ ఊటనీళ్లు తాగే ఏ ఇంటి తలుపూ తట్టకుండా దేశమంతటికీ ఒక పట్టికలో ఇమిడిన రేటు ఇది. అలాస్కా సర్వేను ఎంత విమర్శించినా, అది కనీసం 1,043 గుమ్మాలలో నిలబడి ‘మీరేమంటారు’ అని అడిగింది.

అలా అడిగిన సందర్భం మన పొరుగునే ఒకటుంది. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరి కొండలున్నాయి. కొండ నెత్తిన బాక్సైట్ ఖనిజం, వాలుల్లో డోంగ్రియా కోందుల పల్లెలు. అక్కడ గని తవ్వాలన్న ప్రతిపాదనపై ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచాక, 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు అప్పగించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ అడవిపై వారికి హక్కులున్నాయని గుర్తించింది కనుక, ముందు వారినే అడగాలన్నది తీర్పు. ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో 12 పల్లెలలో సభలు జరిగాయి. జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారులు పరిశీలకులుగా కూర్చున్నారు. కొండకు హెక్టారుకింత అన్న పట్టిక వారి ముందు పెట్టలేదు. ఎంత ఇస్తారనీ అడగలేదు, ఎంతకు ఇస్తారనీ అడగలేదు. గని కావాలా వద్దా అన్నదొక్కటే ప్రశ్న. సర్వే కాగితం మీదయితే ‘నిరసన’ కట్టలోకి వెళ్లిపోయే జవాబునే వారు చెప్పారు, ఇక్కడ అది ఓటుగా నమోదయింది. పన్నెండు సభలలో పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఆ గనికి అటవీ అనుమతి నిరాకరించింది.